బండి మీద దారి చూపే తెర: ఫోనా, కార్‌ప్లే డిస్‌ప్లేనా, విడి జీపీఎస్సా?

ప్రశ్న | ఎల్‌బీనగర్_350

అందరికీ నమస్కారం. నాది 350 సీసీ సింగిల్ సిలిండర్ బండి. బ్యాటరీ 12 వోల్టులు, 8 ఆంపియర్-అవర్. వారమంతా ఎల్‌బీనగర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి తిరుగుతాను. సెలవులొస్తే శ్రీశైలం, మారేడుమిల్లి, అరకు. వచ్చే జూలైలో లడఖ్ అనుకుంటున్నాం.

ఇప్పుడు ఫోన్ జేబులో పెట్టుకుని హెల్మెట్ ఇంటర్‌కామ్‌లో మాట వింటూ వెళ్తున్నాను. ఫ్లైఓవర్ ఎక్కాలా, కింద నుంచి పోవాలా అన్న చోట మాట ఒక్కటీ సరిపోవడం లేదు. కళ్ల ముందు తెర ఉండాలి. ఫోన్ ఐఫోన్. హ్యాండిల్ మీద పెడితే కెమెరా పాడవుతుందని ఒకరు, కంపనాన్ని తగ్గించే డ్యాంపర్ పెడితే ఏమీ కాదని ఇంకొకరు అంటున్నారు. 5 అంగుళాల కార్‌ప్లే తెరలు (ఫోన్‌లోని మ్యాప్‌ని చూపించే విడి తెరలు) ఆన్‌లైన్‌లో 6 వేల నుంచి 40 వేల దాకా కనిపిస్తున్నాయి. తేడా ఎక్కడుందో అర్థం కావడం లేదు. గార్మిన్ జూమో అనే విడి జీపీఎస్ మన రోడ్లకి పనికొస్తుందా? ఏది పెట్టినా కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి? బండి ఇంకా వారంటీలో ఉంది.

బడ్జెట్ 20 వేలు. అవసరమైతే కొంచెం పెంచగలను.


జవాబు 1 | సైలెంట్‌బ్లాక్

ముందు ఫోన్ సంగతి తేల్చుకోండి. మిగతా ఖర్చంతా దాన్ని బట్టే ఉంటుంది.

కెమెరా పాడవడం పుకారు కాదండీ. ఆపిల్ కంపెనీయే 2021 సెప్టెంబరులో తన సపోర్ట్ పేజీలో హెచ్చరిక పెట్టింది. పెద్ద ఇంజన్ల కంపనం చాసీ, హ్యాండిల్‌బార్ల గుండా ఫోన్‌కి చేరితే కెమెరా పనితనం తగ్గొచ్చని అందులో ఉంది. మోపెడ్లు, స్కూటర్ల మీద కూడా డ్యాంపింగ్ ఉన్న మౌంటే (ఫోన్ పట్టే స్టాండు) వాడమంది. కారణం ఓఐఎస్ (ఆప్టికల్ ఇమేజ్ స్టెబిలైజేషన్). ఈ రకం కెమెరాలో లెన్స్‌ని గట్టిగా బిగించరు. అది సన్నటి తీగల మీద తేలుతూ, అయస్కాంతాల సాయంతో అటూ ఇటూ జరుగుతూ మన చేతి వణుకుని సరిచేస్తుంది. సింగిల్ సిలిండర్ ఇంజన్ 4000 ఆర్‌పీఎం మీద తిరిగితే సెకనుకి 66 సార్ల పైనే కుదుపు వస్తుంది. గంటల తరబడి ఆ కుదుపు తగిలితే లెన్స్‌ని మోసే భాగాలు అలిసిపోతాయి. అప్పుడు కెమెరా తెరవగానే బొమ్మ జెల్లీలా ఊగుతుంది, చెవి దగ్గర పెడితే సన్నగా కిటకిటమని వినిపిస్తుంది. చాలా మోడళ్లలో మెయిన్ లెన్స్‌లో ఊగుతుంటే అల్ట్రావైడ్‌లో బాగానే ఉంటుంది, ఎందుకంటే అల్ట్రావైడ్‌కి ఓఐఎస్ ఉండదు. అంతవరకు వచ్చాక రిపేరు లేదు, కెమెరా మాడ్యూల్ మార్చడమే. ఓఐఎస్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లకీ ఇదే ప్రమాదం.

డ్యాంపర్ పనిచేస్తుంది, కానీ పూర్తి భరోసా ఇవ్వదు. రబ్బరు లేదా సిలికాన్ బుష్‌లు వేగంగా వచ్చే సన్న కంపనాన్ని మింగేస్తాయి. స్పీడ్‌బ్రేకర్, గుంత లాంటి నెమ్మది కుదుపుల్ని ఆపవు, పైగా ఫోన్ ఇంకాస్త ఎగురుతుంది. బరువైన కేసు, దాని మీద వైర్‌లెస్ ఛార్జర్ తగిలిస్తే డ్యాంపర్ పూర్తిగా కిందికి కూర్చుంటుంది. అప్పుడది ఉన్నా లేనట్టే. ఫోన్ పెట్టి వేలితో నొక్కి చూడండి, రెండు మూడు మిల్లీమీటర్లు మెత్తగా కదలాలి. మన ఎండకి ఆ రబ్బరు గట్టిపడుతుంది. ఆ కదలిక తగ్గిన రోజే బుష్‌లు మార్చేయాలి.

ఎక్కడ బిగిస్తారన్నది కూడా ముఖ్యం. హ్యాండిల్‌బార్ మధ్యలో, క్లాంపుకి దగ్గరగా కంపనం తక్కువ. గ్రిప్పుల వైపు పోయేకొద్దీ పెరుగుతుంది. అద్దం కాడకి తగిలించే మౌంట్లు చవకే కానీ అన్నిటికంటే ఎక్కువ ఊగేది ఆ కాడే. మీ బండికి ఏ వేగం చెడ్డదో కనుక్కోవడానికి అద్దాన్నే చూడండి. ఏ స్పీడులో వెనక బండి మసకగా కనిపిస్తుందో, ఫోన్‌కి ఎక్కువ దెబ్బ తగిలేది అక్కడే.

మౌంటు కొనేముందు బార్ వ్యాసం వెర్నియర్‌తో కొలవండి. మామూలు బార్లు 22 మిల్లీమీటర్లు, లావు టేపర్ బార్లు క్లాంపు దగ్గర 28.6. ర్యామ్ లాంటి ఒక అంగుళం గుండు మౌంట్లలో పొట్టి ఆర్మ్ తీసుకోండి. పొడుగు ఆర్మ్ ఎక్కువ ఊగుతుంది. నాలుగు గోళ్లతో పట్టే చవక మౌంట్లలో ఇంకో చిక్కుంది. పక్క బటన్, వాల్యూమ్ బటన్ రెండూ కలిపి నొక్కుకుపోతే ఐఫోన్ ఎమర్జెన్సీ కాల్‌కి లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. గోరు ఏ బటన్ మీద పడుతుందో చూసుకుని బిగించాలి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రోజూ వాడే 70 వేల ఫోన్ హ్యాండిల్ మీద ఉండకూడదు. ఇంట్లో ఓఐఎస్ లేని పాత ఆండ్రాయిడ్ ఉంటే అదే మంచి నావిగేషన్ తెర. సిమ్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. మ్యాప్ ముందే దించుకుని, ట్రాఫిక్ కావాలంటే జేబులో ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇస్తే చాలు. పాత బ్యాటరీ ఉబ్బిందేమో మాత్రం చూడండి. వెనక మూత లేచి ఉంటే దాన్ని ఎండలో పెట్టొద్దు.


జవాబు 2 | నల్లమల_రైడర్

పాత ఫోన్ సలహా బాగుంది కానీ మన వేసవికి నిలబడదు బ్రో. ఐఫోన్‌కి కంపెనీ చెప్పే పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, రెంటచింతల వైపు నీడలోనే 44, 45 చూస్తున్నాం. నేరుగా ఎండ పడే నల్లటి గాజు వెనక ఇంకెంత ఉంటుందో ఊహించుకోండి. ఫోన్ వేడెక్కగానే ముందు తెర కాంతి తగ్గిస్తుంది, తర్వాత ఛార్జింగ్ ఆపుతుంది, ఆ తర్వాత మొత్తం ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం కాంతి ఎక్కువ కావాల్సినప్పుడే తెర చీకటవుతుంది. వైర్‌లెస్ ఛార్జింగ్ పెడితే పరిస్థితి ఇంకా చెడుతుంది, ఎందుకంటే కరెంటులో గణనీయమైన భాగం ఫోన్ వీపు దగ్గరే వేడిగా మారుతుంది.

కాబట్టి నా ఓటు కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో తెరకే. ఇందులో బ్యాటరీ ఉండదు, లేదా చాలా చిన్నది ఉంటుంది. ఓఐఎస్ కెమెరా లేదు. ఫోన్ జేబులోనో ట్యాంక్ బ్యాగులోనో ఉంటుంది, బొమ్మ వైఫై మీద తెరకి వస్తుంది. 6 వేలకీ 40 వేలకీ తేడా ఎక్కడని అడిగారు కదా, చెప్తాను.

మొదటిది కాంతి. ఎండలో చదవాలంటే 1000 నిట్లు (తెర కాంతిని కొలిచే లెక్క) కావాలి. చవక తెరల పెట్టె మీద ఆ అంకె ఉండదు, లేదా ‘హై బ్రైట్’ అని రాసి వదిలేస్తారు. షాపులో లైట్ల కింద అన్నీ బాగానే కనిపిస్తాయి. బయటికి తెచ్చి, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని, వెలుగు తెర మీద పడేలా నిలబడి చదవండి. చల్లద్దాలు పెట్టుకుని ఇంకోసారి చూడండి. పోలరైజ్డ్ అద్దాలకి కొన్ని ఎల్‌సీడీ తెరలు ఒక కోణంలో పూర్తిగా నల్లబడతాయి. తల పక్కకి వంచితే తెలిసిపోతుంది.

రెండోది, పై గాజుకీ లోపలి తెరకీ మధ్య గాలి ఉందా లేదా. ఖాళీ లేకుండా అతికించిన తెరలో ప్రతిబింబం తక్కువ. గాలి ఖాళీ ఉన్నదైతే అరకు, లంబసింగి లాంటి చలి ఉదయాల్లో లోపల ఆవిరి పడుతుంది. అది ఆరేలోపు బొమ్మ కనిపించదు.

మూడోది నీళ్లు. ఇక్కడ చాలామంది పొరబడతారు. నీళ్లనీ దుమ్మునీ ఎంత ఆపుతుందో చెప్పే ఐపీ67 రేటింగులో చివరి అంకె 7 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచి చూశారని. ధారగా కొట్టే నీళ్లకి పరీక్ష వేరు, అది 5, 6 అంకెలది. 7 ఉందంటే 5, 6 కూడా పాసైనట్టు కాదు. వాటర్ వాష్ గన్‌కి అడ్డం పెడితే 67 ఉన్న తెరలోకీ నీళ్లు దూరొచ్చు. ఎప్పుడైనా వాష్‌కి ముందు విప్పేయండి. వైరు కనెక్టర్ కింది వైపుకి ఉండాలి, పైకి తిరిగి ఉంటే వాన నీళ్లు అందులోనే నిలుస్తాయి.

నాలుగోది ఆడియో. కార్‌ప్లే మొదలవగానే ఫోన్ తన శబ్దమంతా తెరకి పంపుతుంది. మీ ఇంటర్‌కామ్ ఫోన్‌కే జత చేసి ఉంటే మాట రాదు, లేదా పాట ఒక చోట, కాల్ ఇంకో చోట వస్తుంది. ఇంటర్‌కామ్‌ని తెర బ్లూటూత్‌కి జత చేసి, ఫోన్‌లో పాత జతని ‘ఫర్‌గెట్’ కొట్టండి. కొనేముందు షాపులో మీ హెల్మెట్ పెట్టుకునే చూడండి. చవక తెరల్లో ఎక్కువగా తప్పేది ఇక్కడే.

చిగీ ఏఐఓ-5 లాంటి వాటిలో ముందూ వెనకా డాష్‌క్యామ్ కూడా వస్తుంది. మీకు ఆ వీడియో అక్కర్లేదనుకుంటే దానికి డబ్బు పెట్టొద్దు, ఆ డబ్బు కాంతి మీద పెట్టండి.

ఇంకోటి, హైదరాబాద్‌లో ఇది చాలా ముఖ్యం. కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో కార్ల కోసం చేసినవి కాబట్టి, ఈ తెరల మీద మ్యాప్ మిమ్మల్ని కారనుకుని దారి చూపిస్తే నేరుగా ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కమంటుంది. ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీదకి టూవీలర్లకి అనుమతి లేదు, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదకీ లేదు. మ్యాప్స్ సెట్టింగ్స్‌లో ‘టోల్ రోడ్లు వద్దు’ పెడితే ఓఆర్ఆర్ చూపించదు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు వెళ్లేటప్పుడు మాత్రం ఎక్స్‌ప్రెస్‌వే ర్యాంపు మీరే గుర్తు పెట్టుకోవాలి, దానికి టోల్ లేదు కాబట్టి ఆ సెట్టింగ్ ఆపదు.


జవాబు 3 | రిలే_85_86

వైరింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. చెడిపోయిన గాడ్జెట్లు సగం ఇక్కడే చెడిపోతాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క. 5 అంగుళాల తెర సుమారు 10 వాట్లు తింటుంది, అంటే 12 వోల్టుల దగ్గర ఒక ఆంపియర్ లోపే. దానితోపాటు 18 వాట్ల యూఎస్‌బీ ఛార్జర్ పెడితే కన్వర్టర్ నష్టం కలుపుకుని ఇంకో 1.8 ఆంపియర్లు. మొత్తం మూడు ఆంపియర్లు దాటదు. ఇంజన్ నడుస్తుంటే మీ బండికి ఇది భారం కాదు. సమస్యంతా ఇంజన్ ఆగి ఉన్నప్పుడే. బ్యాటరీకి నేరుగా కలిపిన ఛార్జర్, దానికి ఫోన్ తగిలించకపోయినా, లోపలి సర్క్యూట్ కోసం, నీలం లైటు కోసం 20 మిల్లీఆంపియర్లు లాగుతుందనుకోండి. రోజుకి 0.48 ఆంపియర్-అవర్. 8 ఆంపియర్-అవర్ బ్యాటరీలో సగం ఎనిమిది రోజుల్లో పోతుంది. ఊరెళ్లి పది రోజులకి తిరిగొచ్చి సెల్ఫ్ కొడితే టక్‌టక్ అనడానికి ఇదే కారణం.

అందుకే ఇగ్నిషన్‌తో ఆన్, ఆఫ్ అయ్యేలా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్) పెట్టాలి. ఆటో ఎలక్ట్రికల్ షాపులో 12 వోల్టుల నాలుగు పిన్నుల రిలే దొరుకుతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి 5 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు గుండా రిలే మీద 30 అంకె ఉన్న పిన్‌కి రావాలి. ఆ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం లోపే ఉండాలి. దూరంగా పెడితే మధ్యలో వైరు ఒరిసి ఫ్రేముకి తగిలినప్పుడు ఫ్యూజు కాపాడదు. 87 నుంచి తెరకి, ఛార్జర్‌కి. తెర ఒక్కటే పెడితే 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. 85 బ్యాటరీ మైనస్‌కి. 86కి ఇగ్నిషన్ వేస్తేనే కరెంటు వచ్చే వైరు కావాలి, దానికి టెయిల్ ల్యాంప్ వైరు మంచిది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకి లైట్లు ఎప్పుడూ వెలిగే పద్ధతి వచ్చింది కాబట్టి అందులో స్విచ్ గొడవ లేదు. రిలే కాయిల్ తినేది 150 మిల్లీఆంపియర్ల చుట్టూ, కాబట్టి ఆ వైరుకి ఏమీ కాదు. ఏబీఎస్, ఈసీయూ, ఫ్యుయల్ పంపు వైర్లని మాత్రం ముట్టుకోవద్దు.

వైరు 0.75 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు చాలు. ఇంట్లో ఫ్యాన్లకి వాడే వైరు పెట్టొద్దు, దాని ఇన్సులేషన్ ఇంజన్ వేడికి, పెట్రోలుకి నిలవదు. వైరు మీద నొక్కి బిగించే నీలం క్లిప్పులున్నాయి చూడండి, అవి వైరు పోగులు కొన్నిటిని కోసేస్తాయి. మొదటి వర్షాకాలానికే లోపల పచ్చగా తుప్పు పడుతుంది. క్రింప్ చేసి హీట్ ష్రింక్ వేయండి.

వారంటీ భయం ఉంటే బండి వైరు కోయకుండానే పని అవుతుంది. టెయిల్ ల్యాంప్ కప్లర్‌కి సరిపడే మగ, ఆడ కప్లర్ జత కొని మధ్యలో ఒక వై-వైరు తయారు చేయించండి. విప్పేస్తే బండి మళ్లీ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటుంది.

హ్యాండిల్ దగ్గర వైరు బిగించేముందు స్టీరింగ్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి చూడండి. రెండు వైపులా వైరు లాగకూడదు, క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్లతో నలగకూడదు. హెడ్ దగ్గర కాస్త వదులు ఉంచి టై వేయండి.

పని అయ్యాక మల్టీమీటర్‌తో రెండు పరీక్షలు చేయండి. ఇంజన్ 3000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. తర్వాత ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ మైనస్ విప్పి, మీటరుని మధ్యలో పెట్టి లీకు కరెంటు కొలవండి. ముందు 10 ఆంపియర్ల రేంజిలో చూసి తర్వాతే మిల్లీఆంపియర్లకి మార్చాలి. మీ గాడ్జెట్ కలపకముందు ఎంత చూపించిందో, కలిపాకా అంతే చూపించాలి. మీటరు అలా ఉండగా తాళం తిప్పొద్దు, మీటరు లోపలి ఫ్యూజు పోతుంది.

స్టార్ట్ చేసినప్పుడు తెర ఆరిపోయి మళ్లీ వెలిగితే అది చెడిపోయినట్టు కాదు. సెల్ఫ్ మోటారు లాగినప్పుడు వోల్టేజి బాగా పడిపోతుంది, అంతే. ఇంజన్ నడుస్తుండగా అలా జరిగితే మాత్రం ఎర్త్ వదులైనట్టు. ఎర్త్‌ని పెయింటు ఉన్న ఫ్రేము బోల్టుకి ఇవ్వొద్దు, బ్యాటరీ మైనస్ దాకా తీసుకెళ్లండి.


జవాబు 4 | జీపీఎక్స్_ట్రాక్

నల్లమల రైడర్ గారు చెప్పిన తెర సిటీకీ శ్రీశైలానికీ సరిపోతుంది. లడఖ్ మాట వేరు, అక్కడ నేను విభేదిస్తాను. కార్‌ప్లే తెర అంటే ఫోన్‌కి అద్దం మాత్రమే. జీపీఎస్ ఫోన్‌దే, మ్యాప్ ఫోన్‌దే, బ్యాటరీ ఫోన్‌దే. ఫోన్ పోయినా, తడిసినా తెర ఉత్త గాజు ముక్క. ఫోన్‌ని అల్యూమినియం పెట్టెలో పెడితే జీపీఎస్ అందదు, మ్యాప్ మీద బాణం ఎక్కడో పొలాల్లో తిరుగుతుంది. జేబులోనో గుడ్డ ట్యాంక్ బ్యాగులోనో ఉండాల్సిందే.

విడి జీపీఎస్ ఆ ఆధారపడటాన్ని తప్పిస్తుంది. గార్మిన్ జూమో ఎక్స్‌టీ 2020లో వచ్చింది, 5.5 అంగుళాలు. 2023లో వచ్చిన ఎక్స్‌టీ2 ఆరు అంగుళాలు, వచ్చినప్పుడు అమెరికాలో ధర 600 డాలర్ల దగ్గర. గ్లవ్స్‌తో పనిచేసే తెర, బండికి బిగించే క్రేడిల్, 12 వోల్టులకి నేరుగా కలిపే వైరు దాంతోనే వస్తాయి. సిమ్ ఉండదు కాబట్టి ట్రాఫిక్ కావాలంటే మళ్లీ ఫోన్ కలపాలి. ఎవరైనా బయటి నుంచి తెచ్చిస్తామంటే ముందు అడగాల్సింది అందులో ఇండియా మ్యాప్ ఉందా అని. అమెరికా, యూరప్ మ్యాప్‌తో వచ్చిన పరికరం ఇక్కడ ఖాళీ తెర చూపిస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి గార్మిన్ రూపంలో తయారు చేసిన ఇండియా మ్యాప్ ఫైలు దించి వేసుకోవచ్చు. అందులో కొండదారులు బాగుంటాయి, కానీ ఇంటి నంబర్లు, దుకాణాల పేర్లు గూగుల్ అంత దొరకవు.

మీ 20 వేలల్లో కొత్త జూమో రాదు. సగటు మనిషికి దాని అవసరం కూడా లేదనే చెప్తాను. ఏడాదిలో నెలల కొద్దీ రోడ్డు మీద ఉండేవాళ్లకి, మట్టి దారుల్లో తిరిగేవాళ్లకి అది విలువైనది. మీకు కావాల్సింది ఆఫ్‌లైన్ మ్యాప్, ఇంకో దారి చూపే పరికరం. ఆ రెండోది పాత ఫోనే కావచ్చు.

ఆఫ్‌లైన్ ఇలా చేయండి. గూగుల్ మ్యాప్స్‌లో వెళ్లే ప్రాంతాన్ని డబ్బా గీసి దించుకోవాలి. మారేడుమిల్లికైతే రాజమండ్రి, రంపచోడవరం, చింతూరు, భద్రాచలం అన్నీ ఒకే డబ్బాలో పట్టేలా గీయండి. ఘాట్‌లో సిగ్నల్ పోయాక దారి తప్పితే కొత్త దారి లెక్కగట్టడానికి చుట్టుపక్కల ప్రాంతమూ ఫోన్‌లో ఉండాలి. ఆ ఫైళ్లకి గడువుంటుంది కాబట్టి బయల్దేరే ముందు రోజు వైఫైలో అప్‌డేట్ కొట్టండి. దానితోపాటు ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓఎస్ఎమ్‌యాండ్ గానీ పెట్టుకోండి. ఇవి మొదటి నుంచీ ఆఫ్‌లైన్ కోసమే చేసినవి. వేసుకున్నాక ఇంట్లోనే ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి చింతూరు నుంచి మారేడుమిల్లికి దారి అడగండి. దారి గీస్తేనే దిగినట్టు.

జీపీఎక్స్ ఫైలు (దారిని దాచుకునే ఫైలు) వాడేవాళ్లు రూట్, ట్రాక్ తేడా తెలుసుకోవాలి. ట్రాక్ అంటే గీసిన గీత, అది మారదు. రూట్ అంటే కొన్ని చుక్కలు, వాటి మధ్య దారిని పరికరమే మళ్లీ లెక్కగడుతుంది. మీరు పాత రోడ్డు అనుకున్నది అది హైవే మీదుగా మార్చేస్తుంది. చుక్కలు పెట్టేటప్పుడు జంక్షన్ మధ్యలో పెట్టొద్దు, మలుపు తిరిగాక 200 మీటర్ల తర్వాత పెట్టండి. నాలుగు లైన్ల రోడ్డు మీద బాగా జూమ్ చేసి మీరు వెళ్లే వైపే పెట్టాలి. ఎదురు వైపు పడిందంటే అది యూటర్న్ కొట్టించి, ఆ చుక్క తాకించి, మళ్లీ వెనక్కి తిప్పుతుంది.

లడఖ్‌కి రెండు విషయాలు. మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. రెండోది ఇంకా ముఖ్యం. విదేశీ రైడర్ల వీడియోలు చూసి గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్ తెప్పించుకోవద్దు. టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, ఇలాంటి మెసెంజర్లు మన దేశంలో దగ్గర ఉంచుకోవడమే నేరం. విమానాశ్రయాల్లో వీటితో దొరికి కేసులైనవాళ్లు ఉన్నారు. జూమో లాంటి పరికరం ఉపగ్రహం నుంచి వినడమే తప్ప తిరిగి పంపదు కాబట్టి దానికి ఈ చిక్కు లేదు.


ప్రశ్న అడిగినవారు | ఎల్‌బీనగర్_350

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. రిలే గారి జవాబు ప్రింట్ తీసుకుని ఎలక్ట్రీషియన్‌కి చూపిస్తాను.

ఇంకో మూడు సందేహాలు. పెద్ద తెర లేకుండా బాణం మాత్రం చూపించే చిన్న గుండ్రటి తెరలు, ట్రిప్పర్, బీలైన్ లాంటివి, నాకు సరిపోతాయా? మ్యాప్‌లో బాణం సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గిర్రున తిరుగుతుంది, అది ఫోన్ లోపమా? హ్యాండిల్ మీద తెర ఉంటే పోలీసులు చలాన్ రాస్తారా?


జవాబు 5 | టూపాయింట్_మలుపు

చిన్న గుండ్రటి తెరలు రెండు రకాలు, ఒకే గాటన కట్టొద్దు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020 నవంబరులో మీటియర్‌తో తెచ్చిన మొదటి ట్రిప్పర్ తర్వాతి మలుపు, దానికి దూరం చూపిస్తుంది, అంతే. 2023లో వచ్చిన హిమాలయన్ 450లో 4 అంగుళాల గుండ్రటి తెర మీద గూగుల్ మ్యాప్ పూర్తిగా కనిపిస్తుంది. అందులో బొమ్మ ఫోన్‌లో తయారై వైఫై మీద తెరకి వస్తుంది కాబట్టి జేబులో ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ వేగంగా దిగుతుంది. ఫోన్‌కి ఛార్జింగ్ ఏర్పాటు చేసుకోవాలి. బీలైన్ మోటో విడిగా కొనే చిన్న పరికరం, ఏ బండికైనా పెట్టొచ్చు. కన్ను దాని మీద క్షణమే నిలుస్తుంది, అదే దాని గొప్ప. 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 16 మీటర్ల పైనే పోతాం. తెర చదవడానికి రెండు సెకన్లు పట్టిందంటే 33 మీటర్ల రోడ్డు చూడకుండా దాటినట్టు. హైవేకీ, ఊరి దారులకీ బాణం చాలు. మీరు చెప్పిన ఫ్లైఓవర్ చిక్కుకి మాత్రం సరిపోదు. పక్కపక్కనే చీలే రెండు ర్యాంపులు మ్యాప్‌లో చూస్తేనే తెలుస్తాయి. అందుకే మీకు మ్యాప్ తెరే కావాలి. జూమ్ మాత్రం దగ్గరగా పెట్టి, మలుపుకి 300 మీటర్ల ముందు ఇంటర్‌కామ్ మాట వచ్చినప్పుడే తెర వైపు చూడండి.

ఒక జాగ్రత్త. కంపెనీ యాప్ లేకుండా కదలని పరికరమైతే, ఆ కంపెనీ నిలబడుతుందా అని కూడా చూడాలి. హెల్మెట్ లోపల దారి చూపిస్తామని 2014లో కోట్ల కొద్దీ ముందస్తు డబ్బు సేకరించిన స్కల్లీ 2016లో మూతపడింది. డబ్బు కట్టినవాళ్లలో చాలామందికి హెల్మెట్టే రాలేదు. కార్‌ప్లే తెరకి ఈ భయం తక్కువ, ఎందుకంటే మ్యాప్ ఫోన్‌లోని మామూలు యాపే.

బాణం తిరగడం లోపం కాదు. కదులుతున్నప్పుడు ఫోన్ దిక్కుని జీపీఎస్ స్థానాల మార్పు నుంచి లెక్కగడుతుంది. ఆగితే ఆ లెక్క ఉండదు కాబట్టి దిక్సూచి మీద ఆధారపడుతుంది. మ్యాగ్నెట్ మౌంటు, స్పీకరు, ఇనుప క్లాంపు దగ్గరుంటే దిక్సూచి తప్పు చెప్తుంది. నాలుగడుగులు ముందుకి కదిలితే సర్దుకుంటుంది. ఆగి ఉన్నప్పుడు ఆ బాణం చూసి ఎటు తిరగాలో నిర్ణయించుకోవద్దు.

చలాన్ సంగతి. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహన నియమాల సవరణ ప్రకారం, దారి చూసుకోవడానికి మాత్రమే, నడిపేవారి దృష్టి చెదరకుండా ఫోన్ వాడొచ్చు. చేత్తో పట్టుకుని మాట్లాడినా, మెసేజ్ కొట్టినా మోటారు వాహనాల చట్టం 184 సెక్షన్ కింద వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా ఉంటుంది. తెర మీద వీడియో నడుస్తుంటే మీ వాదన నిలవదు. చవక తెరల్లో వీడియో యాప్‌లు వేసి ఇస్తారు, వాటిని తీసేయండి. స్పీడోమీటరు, ఇండికేటరు లైట్లు తెర వెనక దాగకూడదు.


జవాబు 6 | నల్లమల_రైడర్

జీపీఎక్స్ గారి లడఖ్ మాట ఒప్పుకుంటున్నాను. తెర ఒక్కదాన్నే నమ్ముకుని అక్కడికి వెళ్లొద్దు. అయితే మీ 20 వేలని ఇలా పంచండి. 12 నుంచి 15 వేల లోపు, జవాబు 2లో నేను చెప్పిన ఎండ పరీక్ష పాసైన కార్‌ప్లే తెర. మిగిలినది రిలే, వైరింగ్, మంచి క్లాంపు, ట్యాంక్ బ్యాగు, ఫోన్ కోసం అందులోకి ఒక యూఎస్‌బీ వైరు. పాత ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ వేసి, స్విచాఫ్ చేసి సామానులో పెట్టండి. రోజూ రాత్రి ఒకసారి ఛార్జింగ్ చూసుకుంటే చాలు.

ట్యాంక్ బ్యాగులో ఫోన్‌కి వేసవిలో ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టొద్దు. మ్యాప్ నడవడానికి 5 వోల్టులు 1 ఆంపియర్ దాదాపు సరిపోతుంది, ఫోన్ చల్లగా ఉంటుంది. బ్యాగు పై పారదర్శక జేబులో మాత్రం వద్దు, అక్కడ ఎండ నేరుగా పడుతుంది.

శ్రీశైలం వెళ్లేటప్పుడు మ్యాప్ చూపించే సమయాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. మన్ననూరు దగ్గర అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. మ్యాప్ ఆ దారినే చూపిస్తుంది, మీరు గేటు ముందు తెల్లారేదాకా ఆగాల్సి వస్తుంది. ఎల్‌బీనగర్‌లో సాయంత్రం నాలుగు దాటితే ఆ రోజుకి బయల్దేరొద్దు.


జవాబు 7 | రిలే_85_86

ఎలక్ట్రీషియన్‌కి ఇంకో మాట చెప్పండి. తెర పవర్ వైరుకి హ్యాండిల్ దగ్గర రెండు పిన్నుల వాటర్‌ప్రూఫ్ కప్లర్ పెట్టమనండి. శ్రీశైలంలో బండి పార్క్ చేసి గుడికి వెళ్లేటప్పుడు తెర విప్పి బ్యాగులో వేసుకోవాలి కదా. కప్లర్‌లో కరెంటు వచ్చే వైపు ఆడ పిన్నులుండాలి. మగ పిన్నులైతే విప్పినప్పుడు ఫ్రేముకి తగిలి ఫ్యూజు పోతుంది. స్పేర్‌గా 3, 5 ఆంపియర్ల ఫ్యూజులు రెండేసి టూల్‌కిట్‌లో వేసుకోండి.